టోనరు సీసా కొనుటకు ముందు

నిరుటి వైశాఖమాసమునం దొకనాడు సికింద్రాబాదులోని మారేడుపల్లిలో మాకు చిరపరిచితమైన యొక యింటికి పోయితిమి. ఆ యింటి కుమార్తె చదువు ముగించి క్రొత్తగా ఉద్యోగమున చేరినది. ఆషాఢము వెళ్లిన పిదప ఆమెను చూచుటకు పెండ్లివారు రానున్నారు. ఎప్పుడును నవ్వుచు గుమ్మములోనే ఎదురువచ్చు పిల్ల ఆనాడు చున్నీ చెక్కిళ్లమీదికి లాగికొని లోపలి గదిలోనే కూర్చుండెను. తల్లి పిలువగా వచ్చి మా ప్రక్కన కూర్చుండి, “నా ముఖము చూడండి, పిన్నిగారూ” అని కన్నీరు పెట్టుకొన్నది.

ఆమె చెక్కిళ్లపైనను ముక్కు ప్రక్కలను గోధుమవన్నె మచ్చలు తేలియున్నవి. అచ్చటచ్చట చర్మము పొట్టువలె లేచుచున్నది. స్నేహితురాలు వాడుచున్నదని తానును ఒక టోనరు సీసా కొని, ఉదయసాయంకాలములు దూదితో గట్టిగా రుద్దుకొన్నదట. మొదటి దినముననే మండినది. “మండుచున్నది గదా, మురికి పోవుచున్న దనుకొన్నాను” అని చెప్పెను. పదునైదు దినము లా మంట నోర్చుకొన్నది. మంట తగ్గినది గాని, అది యున్న చోటులనెల్ల మచ్చలు మిగిలినవి. మేము సీసాను తెప్పించి చూచితిమి. జిడ్డు చర్మమునకు అని దానిమీద స్పష్టముగా ముద్రించియున్నది. ఆ పిల్లదో, పొడి చర్మము. తన చర్మ మెట్టిదో దుకాణదారు అడుగలేదు, స్నేహితురాలు అడుగలేదు, ఆమెయు తన్ను తాను అడుగుకొనలేదు.

ఇట్టి పొరపాటు ఆ యొక్క యింట జరిగినదే కాదు. జనరల్ బజారులోను మోండా మార్కెట్టు చుట్టుప్రక్కలను దుకాణపు బల్లలపై నేడు పదుల కొలది టోనరు సీసాలు వరుసగా నిలిచియున్నవి. రంగును చూచియో, వాసనను చూచియో, ధరను చూచియో, పొరుగింటి యామె మాట వినియో మనము వానిని కొనుచున్నాము. అందుచేత ఈ మాసము టోనరును గుఱించి, అంతకుముందు మన చర్మమును గుఱించి, సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

టోనరు పుట్టుక

ముఖము కడుగుకొనిన పిదప దూదితోనో చేతితోనో అద్దుకొను పలుచని ద్రవమే టోనరు. ఇది సబ్బు కాదు, లేపనము కాదు. ఈ రెంటికిని నడుమ నిలుచునది. పూర్వము దీనికి ముఖ్యముగా రెండు పనులు చెప్పెడివారు. సబ్బుతో కడిగిన తరువాత ముఖముపై మిగిలిపోయిన సబ్బు జిగటను తుడిచివేయుట మొదటిది. చర్మమును బిగువుగా తోపించుట రెండవది.

బిగువు మాట మన స్త్రీలకు సులభముగా తెలియును. పచ్చి అరటికాయ ముక్కను గాని, కరక్కాయను గాని కొఱికినచో నోరు పిడచగట్టినట్లగును. ఆ వగరును కలిగించు పదార్థమునకు టానిన్ అని పేరు. తంగేడు చెక్కలోను ఇదియే యున్నందున తోళ్లను ఊనుటకు దానిని వాడుచుండిరి. ఉత్తర అమెరికాలో విచ్ హేజిల్ అను పొద యొకటి కలదు. దాని ఆకులయందును బెరడునందును ఈ వగరు ఉండును. 1846లో థెరాన్ పాండ్ అను నాతడు న్యూయార్కు రాష్ట్రమున ఆ పొదనుండి తీసిన సారమును గాయములకు మందుగా అమ్మెను. నేటికిని విచ్ హేజిల్ అనేకములైన టోనరులలో కనబడుచున్నది. ఆ సారమును నూటికి సుమారు 14 పాళ్లు ఆల్కహాలుతో కలిపి అమ్ముట వాడుక. మండుటకు తఱచుగా ఈ ఆల్కహాలే కారణము.

1928లో జర్మనీ వైద్యులగు హైన్‌రిక్ షాడె, ఆల్ఫ్రెడ్ మార్కియోనీనీ అనువారు చర్మముపై నొక పలుచని ఆమ్లపు పొర యున్నదని వివరించిరి. పులుపును కారమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు పి.హెచ్. అను కొలతను వాడుదురు. ఆ కొలతలో స్వచ్ఛమైన నీరు 7. అంతకు తగ్గినది పులుపు, మించినది క్షారము. ఆరోగ్యమైన చర్మపు పైభాగము సుమారు 5, అనగా కొంచెము పులుపు వైపుననే యుండును. ఈ పొర చెమ్మను లోన నిలుపుకొనుచు, హానిచేయు క్రిములను పెరుగనీయక కాపాడును. మామూలు సబ్బు 9 మొదలు 10 వరకు గల క్షారము. దానితో కడిగినప్పుడు ఆ పొర చెదరి, మఱల కుదురుకొనుటకు కొన్ని గంటలు పట్టును. ఆ నడిమికాలమున ముఖము పిడచగట్టినట్లు తోచుట మన మందఱ మెఱిగినదే. కొంచెము పులుపు గల టోనరును అద్దుకొనిన చర్మము త్వరగా తేరుకొనునని దాని వాడుకకు కారణము చెప్పిరి.

ఇప్పుడు దొరకు మెత్తని ముఖప్రక్షాళనములు, సబ్బు లేని కడుగుడు ద్రవములు, చర్మపు ఆమ్లపు పొరను అంతగా చెదరగొట్టవు. అట్టివి వాడువారికి టోనరు తప్పనిసరి కాదు. ముఖమును మెత్తగా కడుగుకొనుట, చెమ్మ నిలుపు లేపనము వ్రాసికొనుట, పగటివేళ ఎండనుండి కాపాడుకొనుట అనునవి మూడును ముందుగా కావలసినవి. వీనికి తరువాతనే టోనరు. ఇంటి ఖర్చు చూచుకొనవలసిన గృహిణి సీసా కొననంత మాత్రమున ముఖమునకు లోటేమియు లేదు.

మన నీరు, మన యెండ

అట్లయినను సికింద్రాబాదు వంటి యూరిలో టోనరునకు కొంత పని కలదు. అది మన నీటినిబట్టి వచ్చినది. మన మున్నది రాతినేల. మంజీర, కృష్ణా, గోదావరీ జలములు గొట్టముల ద్వారా నగరమునకు వచ్చుచున్నను, వేసవి ముదిరినప్పుడు అనేక గృహములు బోరుబావులమీదను ట్యాంకరులమీదను ఆధారపడుచున్నవి. బోరు నీటిలో సున్నపు లవణములు హెచ్చు. నీరు కఱకైనదో కాదో తెలిసికొనుటకు పరీక్షశాల అక్కఱలేదు. సబ్బు సరిగా నురుగు రాదు. స్టీలు చెంబు ఆఱిన తరువాత తెల్లని చుక్కలు నిలుచును. నీళ్లు కాచు హీటరు కడ్డీకి తెల్లని పెచ్చు కట్టును.

ఈ లవణములు సబ్బుతో కలిసి నీటిలో కరుగని యొక జిడ్డు తెట్టగా మారును. స్నానపు గది గచ్చుమీద పట్టు తెట్టయే ముఖముపైనను పలుచగా నిలుచును. పొడి చర్మము గలవారికిని సుకుమార చర్మము గలవారికిని దీనివలన దురద, పొట్టు లేచుట కలుగును. ఆల్కహాలు లేని మెత్తని టోనరును తడిపిన దూదితో మెల్లగా అద్దినచో ఈ తెట్ట పోవును. ఖర్చు లేని ఉపాయ మొకటి కూడ చెప్పెదము. కాచి చల్లార్చిన నీటిలో కొంతవఱకు కఱకుదనము తగ్గి, అడుగున తెల్లని పొడిగా దిగును. ఆ నీటిని పైకి తేర్చుకొని ఒక చెంబుడు ప్రక్కన నుంచుకొని, ముఖము కడుగుకొనుటలో తుది కడుగుడు దానితో చేయుడు. త్రాగుటకు నీరు శుద్ధిచేయు యంత్ర మింట నున్నవారు ఆ నీటిని వాడవచ్చును. అనేకులకు ఈ మాత్రమే చాలును.

మన యెండను గూడ లెక్కింపవలెను. వైశాఖ జ్యేష్ఠములలో ఎండ 40 డిగ్రీలకు మించును. గాలి పొడిగా వీచును. శ్రావణ భాద్రపదములలో ముఖము చెమటతో జిడ్డుగా నుండును. మార్గశిర పుష్యములలో చలిగాలికి పెదవులతోబాటు చెక్కిళ్లును పగులును. అందుచేత చైత్రమున కొన్న సీసా పుష్యమునకు తగునని తలంపరాదు. ఏడాది పొడుగున ఒకే టోనరు వాడవలెనను నియమ మేమియు లేదు.

ఎవరి చర్మ మెట్టిది?

తన చర్మము నెఱుగుటకు ఇంటిలోనే చేసికొనదగిన పరీక్ష యొకటి కలదు. సెలవుదినమున ఉదయమే ముఖమును మెత్తని ప్రక్షాళనముతో కడుగుకొని, మెత్తని తువ్వాలుతో అద్ది తుడుచుకొనుడు. పౌడరు, లేపనము, నూనె ఏమియు వ్రాసికొనక గంటసేపు మామూలు పనులు చేసికొనుడు. వంటింటి పొయ్యి ముందర మాత్రము నిలువకుడు, ఏసీ గదిలో కూర్చుండకుడు. గంట గడిచిన పిదప పలుచని టిష్యూ కాగితమును నుదుట, ముక్కు, గడ్డము, రెండు చెక్కిళ్లపై వేర్వేరుగా ఒత్తి వెలుతురునకు పట్టి చూడుడు.

కాగిత మన్ని చోటులను నూనెతో మెఱసినచో జిడ్డు చర్మము. ఎచ్చటను నూనె అంటక, ముఖము లాగినట్లు తోచినచో పొడి చర్మము. నుదురు, ముక్కు, గడ్డములకు మాత్రము నూనె అంటి, చెక్కిళ్లకు అంటనిచో మిశ్రమ చర్మము. నూనెగ్రంథులు ఆ మూడు చోటులలో దట్టముగా నుండుటయే దీనికి కారణము. నూనెయు లేక, లాగుడును లేక హాయిగా నున్నచో సమచర్మము. వీనితో నిమిత్తము లేక, క్రొత్త వస్తు వేది తగిలినను ఎఱ్ఱనగుట, దురదపెట్టుట కలవారిది సుకుమార చర్మము. జిడ్డు చర్మము గలవారు కూడ సుకుమార చర్మము గలవారు కావచ్చును.

ఈ పరీక్షను వేసవిలో నొకసారి, చలికాలమున నొకసారి చేసికొనుట మేలు. వయసుతో చర్మము మారును. పదునెనిమిదేండ్లనాడు మొటిమలతో జిడ్డుగా నున్న ముఖమే ఋతువు లుడిగిన పిదప పొడిబారును. తల్లికి నప్పిన సీసా కూతురికి నప్పకపోవుటలో వింత యేమియు లేదు.

ఎవరికి ఎట్టి టోనరు?

జిడ్డు చర్మము గలవారికి కొంచెము వగరు గల టోనరు చెల్లును. మొటిమలు తఱచు వచ్చువారు సాలిసిలిక్ ఆమ్లము నూటికి అర పాలు మొదలు 2 పాళ్ల వఱకు గలదానిని చూడవచ్చును. ఈ ఆమ్లము నూనెలో కరుగు స్వభావము గలది గనుక రోమకూపములలోనికి దిగి, అడ్డుపడిన జిడ్డును వదులుచేయును. దీనిని మొదట వారమునకు రెండుమాఱులు మాత్రమే, రాత్రివేళ, వాడి చూడవలెను. ఆస్పిరిన్ మాత్ర పడనివారు దీనిని ముట్టరాదు. గర్భవతులును బాలింతలును వైద్యుని అడిగి మాత్రమే వాడవలెను. జిడ్డు పోవలెనని ఆల్కహాలు హెచ్చుగా గల సీసాను మూడు పూటల రుద్దుకొనుట తగదు. చర్మము పైపైన ఆఱిపోయి మంటలు పుట్టును, మొటిమలు మఱింత ఎఱ్ఱనగును.

రోమకూపములను మూసివేయు టోనరని కొన్ని సీసాలపై వ్రాయుదురు. రోమకూపములకు తలుపులు లేవు, తెఱచి మూయుటకు కండరములును లేవు. చల్లదనముచేతను వగరుచేతను చుట్టునున్న చర్మము కొంచెము ఉబ్బి బిగిసినట్లగుటచే అవి కొంతసేపు చిన్నవిగా తోచును. కొన్ని గంటలకు మఱల యథాప్రకారమే యుండును.

పొడి చర్మము గలవారికి వగరును ఆల్కహాలును పనికిరావు. గ్లిసరిన్, హైలురోనిక్ ఆమ్లము, కలబంద వంటి చెమ్మ నిలుపు పదార్థములు గల టోనరును ఎంచుకొనవలెను. ఇవి నీటిని ఆకర్షించి పట్టియుంచునవి. అయితే ముఖము తడిగా నుండగనే పైన లేపనము వ్రాసికొనవలెను. లేనిచో మన పొడిగాలికి ఆ తడి త్వరలోనే ఆఱిపోవును.

మిశ్రమ చర్మము గలవారు రెండు సీసాలు కొననక్కఱలేదు. మెత్తని టోనరు నొకదానిని ముఖమంతటికి వాడుచు, జిడ్డు మిక్కిలి హెచ్చిన దినములలో సాలిసిలిక్ ఆమ్లము గలదానిని నుదుట, ముక్కు, గడ్డములపై మాత్రము అద్దుకొనవచ్చును. నియాసినమైడ్ అను పేర పిలువబడు బి3 విటమిను నూటికి 2 మొదలు 5 పాళ్లు గల టోనరు జిడ్డు, మిశ్రమ చర్మములు రెంటికిని సామాన్యముగా నప్పును.

సుకుమార చర్మము గలవారు సీసాపై పదార్థముల పేర్లెంత తక్కువగా నుండిన అంత మంచిది. సువాసనద్రవ్యములు, రంగులు, ఆల్కహాలు లేనిదానిని చూడవలెను. ఇట్టివారు బొట్టు పెట్టుకొను చోటును కూడ గమనింపవలెను. బొట్టుబిళ్లల జిగురులోని కొన్ని రసాయనములచే కొందఱికి అచ్చట దురద పుట్టి, క్రమముగా తెల్లమచ్చ యేర్పడును. అట్టి చోట టోనరు రుద్దక బిళ్లను మానివేయవలెను. అట్లే ఆషాఢమున ఉజ్జయినీ మహాకాళి బోనాలనాడు ముఖమునకు పసుపు రాచుకొని యెండలో నడచినవారు, ఇంటికి వచ్చి ఆ పసుపును వగరు టోనరుతో తోమి వదలింపరాదు. పసుపు రంగు రెండుమూడు దినములలో తనంతట తానే పోవును.

సీసా చదువుట గూడ నేర్చుకొనవలెను. పదార్థముల పేర్లను హెచ్చు పాళ్లుగల దానితో మొదలుపెట్టి వరుసగా వ్రాయుదురు. ఆల్కహాల్ డినాట్ అనునది మొదటి నాలుగైదు పేర్లలో నున్నచో పొడి, సుకుమార చర్మములవారు ఆ సీసాను తిరిగి బల్లమీదనే ఉంచుట మంచిది. సీటైల్ ఆల్కహాల్, సీటియరైల్ ఆల్కహాల్ అను పేర్లు చూచి మాత్రము భయపడకుడు. అవి మైనమువంటివి, మండునవి కావు. గ్లైకాలిక్ ఆమ్లము గల టోనరును వాడినచో చర్మము ఎండకు త్వరగా కమలును గనుక దానిని రాత్రి మాత్రమే వాడి, పగలు ఎండ కాచు లేపనమును తప్పక వ్రాసికొనవలెను.

వంటింటి వస్తువులు

సీసాల నేల కొనవలెను, మన వంటింట నిమ్మకాయ లేదా యని అడుగు సోదరీమణులు కలరు. నిమ్మరసము మిక్కిలి పులుపు, పి.హెచ్. కొలతలో సుమారు 2. చర్మము 5 అని పైన చెప్పితిమి. నిమ్మరసమును ముఖమునకు రుద్దుకొని యెండలోనికి పోయినవారికి బొబ్బలు లేచి నల్లమచ్చలు మిగులుట కలదు. వంటసోడా దీనికి ఎదురు, అది క్షారము. అదియు ఆమ్లపు పొరను చెదరగొట్టును. పటిక మంగలి కత్తిగాటునకు రక్తము నిలుపుటకు మంచిదే గాని, దినదినము ముఖమంతట రుద్దుటకు తగినది కాదు.

పన్నీరు మన యిండ్ల శుభకార్యములలో బుడ్డితో చల్లునది. గులాబిరేకులను నీటితో రాగి పాత్రలో కాచి, ఆ యావిరిని చల్లార్చి పట్టిన నీరే నిజమైన పన్నీరు. అది మెత్తనిది, చాలమందికి నప్పును. అయితే నీటిలో గులాబి సెంటును రంగును కలిపి పన్నీరని అమ్ముటయు కలదు. నిజమైన పన్నీరు నీటివలె తేటగా నుండును. గులాబిరంగు గలదానిని, త్రాగుటకును వంటకును వాడరాదని వ్రాసిన చవుక సీసాను ముఖమునకు వాడకుడు. పొడి చర్మము గలవారు ఇరువది చెంచాల మంచి పన్నీటిలో ఒక చెంచా గ్లిసరిన్ కలిపి ఇంటిలోనే టోనరు చేసికొనవచ్చును. దీనిలో నిలువ ఉంచు మందు లేదు గనుక కొంచెము కొంచెముగా చేసి, కడిగి కాచిన గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో నుంచి, వారము దాటినచో పారబోయవలెను. పాత బియ్యపుకడుగు, పులిసిన కీరారసము మొదలగువానిలో క్రిములు పెరుగును. వానిని మొటిమలు చిదిమిన ముఖమునకు పూయుట చేతులార చీమును తెచ్చుకొనుటయే.

వాడు విధము

క్రొత్త సీసా తెచ్చిననాడే ముఖమునకు వాడకుడు. మోచేతి మడతలోపల గాని, చెవి వెనుక గాని రెండు చుక్కలు వ్రాసి, దినమున కొకసారి చొప్పున మూడునాలుగు దినములు చూడుడు. దురదయు ఎఱుపును లేనిచో ముఖమునకు వాడవచ్చును. చేతులు కడుగుకొని, అరచేతిలో కొన్ని చుక్కలు పోసికొని ముఖముపై మెల్లగా అద్దుకొనుట అన్నిటికంటె మంచిది. దూది వాడినచో తడిపి వాడుడు, రుద్దకుడు. కన్నుల చుట్టును, పెదవులపైనను, గాయములపైనను తగులనీయకుడు. దారము పట్టి వెండ్రుకలు తీయించుకొనిన నాడును మఱునాడును వగరు టోనరును మానవలెను. చుఱుక్కుమని క్షణకాలము తోచుట కొందఱికి సహజము. ఒక నిముసము దాటియు మండినచో వెంటనే నీటితో కడిగి, ఆ సీసాను మానివేయవలెను.

ఇచ్చట మన చర్మమును గుఱించి ముఖ్యమైన మాట యొకటి చెప్పవలసియున్నది. అందఱి చర్మములోను రంగునిచ్చు కణములు సుమారు ఒకే సంఖ్యలో నుండును. చామనచాయ గలవారిలో ఆ కణములు హెచ్చుగా పనిచేయును. ఎండనుండి మనలను కాపాడునవి అవియే. అయితే చర్మమునకు మంట గాని, ఒరిపిడి గాని, పుండు గాని కలిగినచో అవి మఱింత రంగును విడుచును. గాయము మానినను మచ్చ నిలుచుట ఇందువలననే. పైపొరలోని మచ్చ కొన్ని మాసములకు తగ్గును, లోపలికి దిగినది ఏడాది దాటియు ఉండవచ్చును. తెల్లని చర్మము గలవారి దేశములలో నొక దినపు ఎఱుపుతో పోవు పొరపాటు మన ముఖములపై మాసముల తరబడి కనబడును. మండిననే పనిచేయుచున్నదనుట మన స్త్రీలకు విశేషముగా హాని చేయు నమ్మకము.

రంగు మాట

పెండ్లిచూపులు దగ్గఱపడినప్పుడు టోనరు కొను కన్యలలో ననేకులు జిడ్డు పోవలెనని కొనుటలేదు. తెల్లబడవలెనని కొనుచున్నారు. ఆ మాట వారికి ఎవరు నేర్పిరో మన మందఱ మెఱుగుదుము. టోనరు పుట్టుక రంగును మార్చదు. గర్భసమయమున గాని తరువాత గాని చెక్కిళ్లపై వచ్చు మంగును సహితము టోనరు పోగొట్టజాలదు. మంగును ఎండ హెచ్చించును గనుక నీడయు, ఎండ కాచు లేపనమును, వైద్యుని సలహాయు దానికి మార్గములు.

టోనరుతో తెలుపు రానందున కొందఱు దుకాణదారు రహస్యముగా ఇచ్చు గొట్టపు లేపనములకు పోవుదురు. వానిలో బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడు మందు లుండుట కలదు. మొదట పదిదినములు ముఖము నిగనిగలాడును. పిదప చర్మము పలుచబడి, ఎఱ్ఱని నరములు తేలి, మొటిమలును మూతిపై వెండ్రుకలును వచ్చును. మానినచో మంట, మానకున్న హాని. ఈ దుర్వినియోగమును చూచి కేంద్ర ప్రభుత్వము 2018లో చర్మముపై వ్రాయు స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని నిబంధన చేసినది. మఱికొన్ని తెలుపు లేపనములలో పాదరసము దొరకినది. అది మూత్రపిండములను చెఱచును. 2020లో మన దేశమున వచ్చిన సౌందర్యసాధనముల నిబంధనలు పాదరసము కలుపుటను నిషేధించినవి. తయారుచేసినవారి పేరు, చిరునామా, పదార్థముల పట్టిక లేని సీసాను గాని గొట్టమును గాని ఎవ రెంత పొగడినను ఇంటికి తేరాదు.

మచ్చలు వ్యాపించినను, మొటిమలు గడ్డలుగా మారినను, మంట వారమునకు తగ్గకున్నను చర్మవైద్యుని చూడవలెను. ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రియందును చర్మవ్యాధుల విభాగము కలదు. సీసామీద సీసా కొను ధరకంటె ఒకసారి వైద్యునికి చూపించుట తఱచు చవుకగానే తేలును.

మారేడుపల్లి పిల్లను మఱుచటి వారమే తల్లి చర్మవైద్యురాలియొద్దకు తీసికొనిపోయెను. టోనరును, సున్నిపిండిని, నిమ్మరసమును అన్నిటిని కొంతకాలము మాన్పించిరి. మెత్తని ప్రక్షాళనము, చెమ్మ లేపనము, పగలు ఎండ కాచు లేపనము, తుది కడుగుడునకు కాచి చల్లార్చిన నీరు, ఇంతే. పెండ్లివారిని శ్రావణమున రావలదని, దసరా వెళ్లిన పిదప రమ్మని తల్లియే కబురుచేసెను. మచ్చలు తగ్గువఱకు ఆగుటకంటె, పిల్ల చున్నీ తీసి నలుగురిలో కూర్చుండు ధైర్యము వచ్చువఱకు ఆగవలెనని ఆమె అనెను. ఆ మాట మాకు మిక్కిలి నచ్చినది.

కార్తికమున మేము మఱల పోయినప్పుడు మచ్చలు చాలవఱకు వెలిసియుండెను. ఎడమ చెక్కిలిపై నొకటి రెండు మిగిలినవి. చలికాలము వచ్చుచున్నదని ఆమె పన్నీటిలో గ్లిసరిన్ కలిపి చిన్న సీసాలో పోసి యుంచుకొన్నది. ఆనాడే ఆమెతో పనిచేయు స్నేహితురాలొకతె వచ్చి, “నీవు వాడు దాని పేరేమి? నేనును కొనెదను” అని అడిగెను. ఆ పిల్ల సీసాను చూపలేదు. లోపలికి పోయి నాలుగు టిష్యూ కాగితములు తెచ్చి యిచ్చి, “ముందు ముఖము కడుగుకొని గంటసేపు కూర్చుండుము” అని చెప్పెను.